కరెంటు పోయిన రాత్రి ఇంట్లో మీరొక్కరే ఉంటే

ఈసారి ఉత్తరం అమెరికాలో ఈశాన్య పెన్సిల్వేనియా నుంచి వచ్చింది. రాసినావిడ పేరు వద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది, ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ చెప్తాను.

ఆవిడది కొత్తగూడెం. నాన్నగారు సింగరేణిలో చేసి రిటైరయ్యారు. పెళ్లయ్యాక పదకొండేళ్లుగా న్యూజెర్సీలో, ఎడిసన్ దగ్గర అపార్ట్‌మెంట్లలోనే ఉన్నారు. అక్కడ హీటింగ్ అంటే గోడ మీద థర్మోస్టాట్ నొక్కడం వరకే, ఆ వేడి ఎక్కడి నుంచి వస్తోందో తెలుసుకోవాల్సిన పనే పడలేదు. ఈ మే నెలలో పోకనో కొండల వైపు మూడెకరాల్లో ఒక ఇల్లు కొన్నారు. 1978లో కట్టింది, 2,100 చదరపు అడుగులు, బోరు నీళ్లు, రోడ్డు నుంచి ఇంటికి మూడు వందల అడుగుల దారి. వీధిలో గ్యాస్ లైన్ లేదు. బేస్‌మెంట్‌లో 1998 నాటి ఆయిల్ ఫర్నెస్ (ఆయిల్ మండించి ఇల్లంతా వేడిగాలి పంపేది), దాని పక్కనే 275 గ్యాలన్ల ట్యాంకు, హాల్లో రాతితో కట్టిన పెద్ద ఫైర్‌ప్లేస్ ఉన్నాయి. ఇంట్లో ఉండేది ఆవిడ, భర్త, తొమ్మిదేళ్ల బాబు, అయిదేళ్ల పాప. అక్టోబర్‌లో అత్తమ్మ వచ్చి ఆర్నెల్లు ఉంటారు. ఆమెకి 68, ఆస్తమా ఉంది.

గొడవంతా చలికాలం లోపు ఏ హీటింగ్ పెట్టాలన్న దాని గురించే. భర్తకి జియోథర్మల్ మీద, అంటే భూమిలో పైపులు వేసి అక్కడి వేడిని ఇంట్లోకి తెచ్చే పద్ధతి మీద మనసు. 46,000 డాలర్లు అవుతుందట, చేతిలో ఉన్నది 30,000, మిగతాది 401కే (ఉద్యోగం తరఫున ఉండే రిటైర్‌మెంట్ పొదుపు) నుంచి లోన్ తీస్తానంటున్నారు, 30 శాతం ట్యాక్స్‌లో తిరిగి వస్తుందని లెక్క వేసుకున్నారు. ఫర్నెస్ చూడటానికి వచ్చినాయన ఇదంతా పీకేసి 12,000కి ప్రొపేన్ (మన వంటగ్యాస్ లాంటిది) ఫర్నెస్ పెట్టిస్తా, ట్యాంకు కంపెనీయే ఇస్తుందన్నాడు. భర్త స్నేహితుడు బయటి గాలిలోని వేడిని లోపలికి లాగే హీట్ పంప్ అంటున్నాడు, దానికి 17,000 కొటేషన్ వచ్చింది. పక్కింటి పెద్దాయన తన బేస్‌మెంట్‌లో బొగ్గు స్టవ్ చూపించి ఇంతకంటే చవక ఇంకోటి లేదన్నాడు. ఇల్లు అమ్మినవాళ్లు ఏడాదికి 400 గ్యాలన్ల ఆయిల్ సరిపోయేదని చెప్పారు. పోయిన చలికాలం మూడు రోజులు కరెంటు లేదని కూడా పక్కింటాయనే చెప్పాడు.

ఆవిడ మాటల్లోనే: "అక్కా, నేనేమైనా అడిగితే నీకు తెలియదులే అంటున్నారు. మంగళ, బుధవారాలు ఆయన ఆఫీసుకి న్యూజెర్సీ వెళ్లి మంగళవారం రాత్రి అక్కడే ఉంటారు. నిజం చెప్పాలంటే నాకు ఆ ఇంటికి వెళ్లాలనే లేదు, కానీ సంతకం పెట్టేశాను. ఏది పెట్టించుకోమంటారు?"

చెల్లీ, మీ ఉత్తరంలో మంగళవారం గురించి ఒక్క వాక్యమే రాశారు, నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. మీ ఆయన చూస్తున్నది ఇరవై ఏళ్ల లెక్క, ప్రొపేన్ ఆయన చూస్తున్నది తన అమ్మకం, పక్కింటాయన చూస్తున్నది తన అలవాటు. జనవరిలో ఒక మంగళవారం రాత్రి బయట మంచువాన పడుతుంటే, కరెంటు పోతే, ఇద్దరు పిల్లలతో, ఉబ్బసం ఉన్న అత్తమ్మతో ఆ ఇంట్లో మీరొక్కరే ఉంటే ఏం చేయాలి అన్నది ఎవరూ చూడట్లేదు. ఇన్ని కొటేషన్లనీ ఆ ఒక్క ప్రశ్న ముందు పెట్టి చూడండి, సగం గందరగోళం అక్కడే తీరుతుంది. నేను వెర్మాంట్ పల్లెలో పంతొమ్మిదేళ్లుగా ఉంటున్నాను, అలాంటి రాత్రులు చూశాను కాబట్టి ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పట్లేదు.

ముందు డబ్బు సంగతి, ఎందుకంటే అది వెంటనే మీ ఆయనకి చెప్పాల్సింది. జియోథర్మల్‌కి 30 శాతం, మామూలు హీట్ పంప్‌కి 2,000 డాలర్ల దాకా వచ్చే ఫెడరల్ ట్యాక్స్ క్రెడిట్లు రెండూ 2025 డిసెంబర్ 31తో ఆగిపోయాయి. 2025 జూలైలో వచ్చిన చట్టం వాటిని ముందుగానే ముగించేసింది. పాత వీడియోల్లో, కొన్ని కంపెనీల కాగితాల్లో ఇంకా ఆ 30 శాతం కనపడుతూనే ఉంటుంది, మీ ఆయన అక్కడే చూసి ఉంటారు. అంటే తిరిగి వస్తుందనుకున్న 13,800 డాలర్లు రావు, 46,000 అంటే 46,000. పైగా అందులో 16,000 డాలర్లు 401కే లోన్. ఆ లోన్‌లో ఉన్న చిక్కు ఏమిటంటే, ఉద్యోగం మారినా పోయినా మిగిలిన బాకీ ఆ ఏడాది ట్యాక్స్ ఫైలింగ్ గడువులోపు కట్టేయాలి, లేకపోతే దాన్ని ఆదాయంగా లెక్కేసి పన్ను వేస్తారు, యాభై తొమ్మిదిన్నర ఏళ్లు దాటనివాళ్లకి మామూలుగా ఇంకో 10 శాతం పెనాల్టీ కూడా పడుతుంది. అప్పుడే ఇల్లు కొని చేయి ఖాళీ చేసుకున్న కుటుంబం తలకెత్తుకునే రిస్క్ కాదు ఇది. జియోథర్మల్ మంచిది కాదని నేను అనట్లేదు. భూమి లోపలి ఉష్ణోగ్రత ఏడాదంతా దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి ఎంత చలిలోనైనా బాగా పనిచేస్తుంది, భూమిలో వేసిన పైపులు యాభై ఏళ్ల దాకా ఉంటాయి. కానీ ఈ ఏడాది మీ పరిస్థితికి అది నప్పదు. మూడెకరాలు ఎక్కడికీ పోవు, ఐదేళ్ల తర్వాత కూడా తవ్వుకోవచ్చు. "మీరు అనుకున్న క్రెడిట్ ఇప్పుడు ఉందో లేదో ఒకసారి మన ట్యాక్స్ ఆయన్ని అడగండి" అని మాత్రం అనండి. వాదించే పని ఉండదు, ఆయనే చూసుకుంటారు.

రెండోది, ఆ 400 గ్యాలన్ల మాట. అమ్మినవాళ్లు అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు, కానీ వాళ్లు ఆ ఇంటిని వీకెండ్ ఇల్లుగా వాడుకున్నారని మీరే ఇంకోచోట రాశారు. వారంలో అయిదు రోజులు 55 డిగ్రీల ఫారన్‌హీట్ (మన లెక్కలో సుమారు 13) దగ్గర పెట్టి వెళ్లిపోయేవాళ్లకి 400 గ్యాలన్లు సరిపోతాయి. మీరు ఇంటి నుంచే పనిచేస్తున్నారు, పిల్లలున్నారు, చలి అలవాటు లేని పెద్దావిడ ఉంటారు, థర్మోస్టాట్ పొద్దస్తమానం 70 (మన లెక్కలో సుమారు 21) మీదే ఉంటుంది. రెట్టింపు అయినా ఆశ్చర్యపోకండి. గ్యాలన్ 4 డాలర్లు అనుకుంటే 800 గ్యాలన్లకి 3,200. బడ్జెట్ వేసుకునేటప్పుడు ఆ అంకె రాసుకోండి, జనవరిలో బిల్లు చూసి ఒకరినొకరు అనుకునే పరిస్థితి రాదు.

ఇప్పుడు ఏ ఇంధనం ఎంత పడుతుందో మీరే లెక్క వేసుకునే పద్ధతి చెప్తాను. వేడిని ఇక్కడ బీటీయూల్లో కొలుస్తారు. ఇంట్లోకి పది లక్షల బీటీయూలు రావాలంటే ఏది ఎంత కావాలో చూస్తే చాలు. గ్యాలన్ హీటింగ్ ఆయిల్‌లో సుమారు 1,38,500 బీటీయూలు ఉంటాయి, మీ పాత ఫర్నెస్ అందులో 80 శాతం ఇంట్లోకి ఇచ్చినా తొమ్మిది గ్యాలన్లు కావాలి, 4 డాలర్ల చొప్పున 36 డాలర్లు. గ్యాలన్ ప్రొపేన్‌లో ఉండేది 91,500 మాత్రమే, కొత్త ఫర్నెస్ 95 శాతం ఇచ్చినా పదకొండున్నర గ్యాలన్లు, 3 డాలర్ల చొప్పున దాదాపు 35. అంటే ప్రొపేన్ గ్యాలన్ చవగ్గా కనపడినా చివరికి ఆయిల్‌తో సమానమే, ఈ సంగతి మీకు చెప్పినవాళ్లు ఉండరు. ప్లగ్‌లో పెట్టుకునే మామూలు కరెంట్ హీటర్లతో 293 యూనిట్లు, యూనిట్ 20 సెంట్లయితే 58 డాలర్లు దాటుతుంది. అదే కరెంటు హీట్ పంప్‌కి ఇస్తే, అది వేడిని తయారుచేయకుండా బయటి గాలిలో ఉన్నదాన్నే లోపలికి లాగుతుంది కాబట్టి ఒక యూనిట్‌కి సగటున రెండున్నర యూనిట్ల వేడి ఇస్తుంది, 23 డాలర్ల చిల్లరతో అయిపోతుంది. ఈ రేట్లు నేను ఉదాహరణకి పెట్టినవి, మీ కరెంటు బిల్లులో యూనిట్ ఎంత పడుతోందో (డెలివరీ ఛార్జీ కూడా కలిపి), మీ దగ్గర ఆయిల్, ప్రొపేన్ ఎంతకి పోస్తున్నారో కనుక్కుని వాటితో వేయండి. పావుగంట పని, మీ ఆయనకి చూపించడానికి మీ చేత్తో వేసిన లెక్క ఉంటుంది.

ఈ లెక్క ప్రకారం హీట్ పంప్ ముందుంది. ఏసీనే తిరగేసి వాడినట్టు అది, మనవాళ్లకి అలా చెప్తే త్వరగా అర్థమవుతుంది, వేసవిలో చల్లగాలి కూడా దాన్నుంచే వస్తుంది. చలిప్రాంతాల కోసం చేసిన మోడల్స్ సున్నా ఫారన్‌హీట్ కిందికి కూడా, అంటే మన లెక్కలో మైనస్ 18 కంటే తక్కువకి వెళ్లినా పనిచేస్తాయి, కాకపోతే చలి పెరిగేకొద్దీ ఇచ్చే వేడి తగ్గుతుంది. బయటి యూనిట్ మంచులో కూరుకుపోకుండా స్టాండ్ మీద ఎత్తులో పెట్టించాలి. మధ్యమధ్యలో అది తన మీద పేరుకున్న మంచు కరిగించుకుంటూ తెల్లగా ఆవిరి వదులుతుంది, మొదటిసారి చూస్తే పొగ అనుకుని కంగారుపడతారు, అది మామూలే. అత్తమ్మ విషయంలో ఒకటి గుర్తుంచుకోండి, ఆయిల్ ఫర్నెస్ గాలి తగిలితే వేడిగా ఉంటుంది, హీట్ పంప్ గాలి గోరువెచ్చగా ఉంటుంది, గది 70 డిగ్రీలు ఉన్నా ఆ గాలి నేరుగా మీద పడితే పెద్దవాళ్లకి చల్లగానే అనిపిస్తుంది. ఆవిడ మంచం దానికి ఎదురుగా వేయకండి.

అయితే మంగళవారం రాత్రి కరెంటు పోతే? ఇల్లంతటికీ సరిపడే హీట్ పంప్‌ని చిన్న జనరేటర్ మీద నడపడం కష్టం. మీ పాత ఆయిల్ ఫర్నెస్‌కి మాత్రం బర్నర్, ఫ్యాన్ తిరగడానికి కాస్త కరెంటు చాలు, మోస్తరు పోర్టబుల్ జనరేటర్ దాన్ని నడిపేస్తుంది. అందుకే దాన్ని ఈ ఏడాదే పీకేయొద్దంటాను. నా మనసుకి తోచిన దారి ఇది: 17,000 పెట్టి మొత్తం మార్చేయకుండా, హాలుకీ అత్తమ్మ గదికీ గోడకి పెట్టే హీట్ పంప్ యూనిట్లు రెండు వేయించుకోవడానికి ఎంతవుతుందో విడిగా కొటేషన్ అడగండి. సాధారణ రోజుల్లో అవి నడుస్తాయి, బాగా చలిపడ్డ రాత్రులు, కరెంటు లేని రాత్రులు ఫర్నెస్ నడుస్తుంది. ఒక చలికాలం గడిస్తే ఆ ఇల్లు ఎంత తింటుందో మీకు స్వయంగా తెలుస్తుంది. అప్పుడు తీసుకునే నిర్ణయం ఇప్పటి దానికంటే ఎంతో గట్టిగా ఉంటుంది.

దీనికి ఒక షరతుంది. ఫర్నెస్‌ని అమ్మకానికి వచ్చినవాడు కాకుండా సర్వీసుకి వచ్చేవాడు చూడాలి. ఆగస్టులోనే పిలవండి, అక్టోబర్‌లో ఎవరూ దొరకరు. ఫిల్టర్, నాజిల్ మార్చి శుభ్రం చేయడమే కాకుండా, హీట్ ఎక్స్‌ఛేంజర్‌లో (మంట వేడిని ఇంటి గాలికి అందించే లోహపు భాగం) పగులు ఉందేమో చూడమని, చూసింది కాగితం మీద రాసివ్వమని అడగండి. పగులు ఉంటే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఇంట్లోకి వస్తుంది, అప్పుడు నేను చెప్పిన దారి మూసుకుపోయినట్టే, ఫర్నెస్ మార్చాల్సిందే. ట్యాంకు అడుగున తడి, తుప్పు కూడా చూడాలి, ఇనప ట్యాంకుల్ని తుప్పు లోపలి నుంచి తినేస్తూ వస్తుంది.

మార్చాల్సి వస్తే ప్రొపేన్ అంత చెడ్డదేం కాదు. పొగ లేదు, బూడిద లేదు, వంటకి కూడా మంట వస్తుంది, అదే ట్యాంకు మీద ఆటోమేటిక్ జనరేటర్ పెట్టించుకుంటే కరెంటు పోయిన కొద్ది సెకన్లకే అది దానంతటదే మొదలవుతుంది, మీరు మంచులోకి వెళ్లక్కర్లేదు. మీ మంగళవారం ప్రశ్నకి అన్నిటికంటే నిశ్చింతైన జవాబు నిజానికి ఇదే. కానీ ఖర్చు రెండువైపులా ఎక్కువ, జనరేటర్‌కీ వేలల్లోనే అవుతుంది, ఇంధనమూ చవక కాదు. ఇంకా కంపెనీ ఇచ్చే ట్యాంకు అయితే అందులో ఆ కంపెనీ తప్ప ఇంకొకరు నింపకూడదు, వాళ్లు చెప్పిందే రేటు. సొంత ట్యాంకు కొనుక్కుంటే ఎవరి దగ్గరైనా పోయించుకోవచ్చు. కొటేషన్‌లో ట్యాంకు ఎవరిది, అద్దె ఎంత, రేటు ఎన్ని నెలలకి ఖాయం, మధ్యలో మానేస్తే ఏం కట్టాలి అన్నవి రాయించుకోండి. 500 గ్యాలన్ల ట్యాంకులో నింపేది 80 శాతమే, అంటే 400, అది ఇంటికి కనీసం పది అడుగుల దూరంలో ఉండాలి. ప్రొపేన్ గాలికంటే బరువు, లీకైతే బేస్‌మెంట్‌లో కిందనే నిలుస్తుంది, కాబట్టి డిటెక్టర్ నేలకి దగ్గరగా పెట్టాలి. ఫర్నెస్ సైజు కూడా పాతదెంతో కొత్తదంతే అని పెట్టనివ్వకండి, ఇంటి గోడలు, కిటికీలు, అటిక్ (పైకప్పు కింది అటక) కొలిచి వేసే లెక్క ఉంటుంది, దాన్ని మాన్యువల్ జె అంటారు, ఆ కాగితం చూపించమనండి. అవసరానికి మించిన ఫర్నెస్ కాసేపు మండి ఆగిపోతూ ఉంటుంది, ఓ గది ఉడికిపోతుంది, ఓ గది వణికిస్తుంది.

మా ఇంట్లో జరిగింది చెప్తాను. 2011లో సంక్రాంతికి ఇండియా వెళ్లాం. ప్రొపేన్ కంపెనీ వాళ్లే చూసుకుని నింపే ఒప్పందం మాది, థర్మోస్టాట్ 55లో పెట్టి ధైర్యంగా బయల్దేరాం. ఆ జనవరిలో మా దారి మీద మంచు తీయించేవాళ్లు లేక లారీ పైకి రాలేకపోయింది, వాళ్లు మాకు ఫోన్ చేయలేదు, ట్యాంకు ఖాళీ అయింది. పై బాత్రూమ్ పైపు గడ్డకట్టి పగిలింది, మేం తిరిగొచ్చేసరికి వంటింటి సీలింగ్ నేల మీద ఉంది. ఆ రోజు బూట్లతో నీళ్లలో నిలబడి ఏడ్చాను. అప్పటి నుంచి రెండు రోజులకి మించి ఊరెళ్తే బోరు మోటారు బ్రేకర్ ఆపేసి, నీళ్ల మెయిన్ వాల్వ్ కట్టేసి వెళ్తాం, ఇంట్లో వేడి తగ్గితే ఫోన్‌కి కబురొచ్చే చిన్న పరికరం పెట్టుకున్నాం, పక్కింటివాళ్ల దగ్గర తాళం ఉంటుంది. మీది మూడు వందల అడుగుల దారి. ఆయిలైనా ప్రొపేనైనా లారీ ఇంటిదాకా రావాలి, కాబట్టి మంచు తీసే మనిషిని సెప్టెంబర్‌లోనే మాట్లాడుకోండి. ఇది హీటింగ్ ఖర్చులోనే రాయాల్సిన పద్దు.

ఇక బొగ్గు. మీరు ఉత్తరంలో "బొగ్గు అంటే మా నాన్న చొక్కా వాసన" అని రాశారు, అది చదివి కాసేపు అలాగే ఉండిపోయాను. మీరున్న చోటూ బొగ్గు నేలే. స్క్రాన్టన్, విల్క్స్-బారీ చుట్టుపక్కల తవ్వింది అంథ్రసైట్ అనే గట్టి బొగ్గు, సింగరేణి బొగ్గులా పొగ చిమ్మదు, నెమ్మదిగా నీలం మంటతో చాలాసేపు మండుతుంది. వాళ్లు అమ్మే సైజుల్లో ఒకదాని పేరు రైస్, బియ్యపు గింజల్లా చిన్నచిన్న ముక్కలు. పక్కింటాయన చెప్పింది నిజమే, ఆ ప్రాంతంలో అది చవకే. కానీ రోజూ బూడిద ఎత్తాలి, ఆ దుమ్ము లేస్తుంది, చిమ్నీ మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ వాసనైనా తెలియకుండా వస్తుంది. ఎత్తేదెవరు? మంగళ, బుధవారాల్లో మీరే. కట్టెల స్టవ్‌దీ ఇదే ప్రశ్న. అది కరెంటు అక్కర్లేకుండా నడుస్తుంది, ఆ ఒక్క గుణం వల్ల పల్లెల్లో అందరూ దాన్నే నమ్ముకుంటారు, నేనూ నమ్ముకున్నాను. ఎండిన గట్టి కట్టెలైతే ఖర్చూ తక్కువే, తేమ 20 శాతం లోపు ఉండాలి, పచ్చివైతే చిమ్నీలో క్రియోసోట్ అనే తారులాంటి మసి పేరుకుని మంటలు అంటుకుంటాయి. పెల్లెట్ స్టవ్ (రంపపు పొట్టు గుళికలతో మండేది) శుభ్రంగా ఉంటుంది కానీ దానికి కరెంటు కావాలి, కాబట్టి మీ ప్రశ్నకి అది జవాబు కాదు.

అయితే అత్తమ్మకి ఆస్తమా. తలుపు తీసి కట్టె వేసిన ప్రతిసారీ కొంత పొగ, సన్నటి ధూళి గదిలోకి వస్తాయి, ఎంత మంచి స్టవ్ అయినా. ఆవిడ ఉండే ఆర్నెల్లూ సరిగ్గా చలికాలమే. ఆవిడ డాక్టర్‌ని అడగకుండా కట్టె, బొగ్గు రెండింటి జోలికీ ఈ ఏడాది వెళ్లకపోవడమే మంచిదని నాకు అనిపిస్తోంది. హాల్లో ఉన్న ఫైర్‌ప్లేస్ చూసి అదుందిగా అనుకోకండి, తెరిచి ఉన్న ఫైర్‌ప్లేస్ ఇంట్లో వెచ్చటి గాలినే చిమ్నీలోంచి లాగేస్తుంది, ఎదురుగా కూర్చున్నవాళ్లకి తప్ప ఇల్లు ఇంకా చల్లబడుతుంది. వాడనప్పుడు దాని డాంపర్, అంటే చిమ్నీ దారికి ఉండే మూత, మూసి ఉందో లేదో చూడండి.

ఇంకో మాట, ఇది అత్తమ్మకి మీరే నెమ్మదిగా చెప్పాలి. మన ఇళ్లల్లో బాలింత గదిలో కుంపటి, పిల్లలకి సాంబ్రాణి మామూలు. అక్కడి ఇళ్లకి గాలి ఆడే సందులుండేవి, కిటికీలు తెరిచే ఉండేవి. ఈ ఇళ్లు అలా కాదు. కరెంటు పోయిందని గదిలో బొగ్గులు వెలిగించినా, బయట వాడే గ్రిల్ లోపలికి తెచ్చినా, ప్రొపేన్ పొయ్యి వంటింట్లో వెలిగించి వదిలినా నిద్రలోనే ప్రాణాలు పోతాయి. ప్రతి అంతస్తులో, పడకగదుల బయట కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టండి, బ్యాటరీతో నడిచేవి.

ఏది పెట్టించినా, పెట్టించకపోయినా ముందు చేయాల్సింది మాత్రం వేరే ఉంది. 1978 నాటి ఇల్లు, అటిక్‌లోకి ఎవరైనా ఎక్కి చూశారా? మీ ఉత్తరంలో ఆ మాటే లేదు. ఆ చలికి అక్కడ ఆర్-49 నుంచి ఆర్-60 దాకా ఇన్సులేషన్ ఉండాలంటారు (ఆర్ అంటే వేడిని ఆపే శక్తికి కొలత), అంటే రకాన్ని బట్టి 14 నుంచి 20 అంగుళాల మందం. స్కేలు తీసుకుని ఎక్కండి, ఆరంగుళాలే కనపడితే మీరు కొనే ప్రతి గ్యాలన్‌లో కొంత పైకప్పులోంచి పోతున్నట్టే. తలుపుకి పెద్ద ఫ్యాన్ బిగించి ఇంట్లోకి గాలి ఎక్కడెక్కడ దూరుతోందో చూసే పరీక్ష ఉంది, బ్లోయర్ డోర్ టెస్ట్ అంటారు. ముందు ఆ సందులు మూయించి, ఆ తర్వాత పైన ఇన్సులేషన్ పోయించాలి, వరుస మారిస్తే సగం ఫలితమే వస్తుంది. పెన్సిల్వేనియాలో 2008 నాటి యాక్ట్ 129 కింద పెద్ద కరెంటు కంపెనీలు ఇలాంటి పొదుపు పథకాలు నడపాలి, మీ కంపెనీకి ఫోన్ చేసి ఇంటి పరీక్షకి, హీట్ పంప్‌కి రిబేటు ఏమైనా ఉందా అని అడగండి. మీ 30,000లో మొదటి ఖర్చు ఇక్కడ పెట్టమంటాను, ఎందుకంటే ఇల్లు బిగుతుగా ఉంటే కరెంటు పోయినా వేడి చాలా గంటలు నిలుస్తుంది, రేపు కొనే యంత్రం కూడా చిన్నది సరిపోతుంది.

ఇప్పుడు "నీకు తెలియదులే" గురించి. ఆ మాట నొప్పించిందని మీ ఉత్తరమంతా తెలుస్తూనే ఉంది. మీ ఆయనకి ఆ ఇల్లు ఎన్నాళ్ల నుంచో ఉన్న కోరిక, దాని మీద ఏ ప్రశ్న వేసినా ఆ కోరికనే కాదంటున్నట్టు ఆయనకి వినపడుతుండొచ్చు. మీకేమో వెళ్లాలనే లేదు, అది నేరుగా చెప్పలేక ప్రతి కొటేషన్‌లో తప్పు వెతుకుతున్నారేమో, ఒకసారి మీలో మీరు చూసుకోండి. ఈ రెండూ కలిసిపోయినంత కాలం జియోథర్మలా ప్రొపేనా అన్న గొడవ తెగదు. రెండు రకాలుగా మాట్లాడొచ్చు. ఒకటి, "నాకు ఇష్టం లేదు" అని ఉన్నదున్నట్టు చెప్పేయడం. సంతకాలు అయిపోయాయి కాబట్టి ఆయనకి అది నిందలా తగలొచ్చు, కానీ మనసులో పెట్టుకుని మొదటి చలికాలం గడిపితే అది అంతకంటే పెద్దదై బయటికి వస్తుంది. రెండోది, భయం గురించి మాత్రమే మాట్లాడటం. "మీరు లేని రాత్రి పిల్లలకి చలి పెడితే నేనేం చేయాలో నాకు తెలియాలి, అది తెలిస్తే నేను ధైర్యంగా ఉంటాను" అనండి. దీనికి ఎదురు చెప్పగలిగే మనిషి ఉండడు. నేనైతే రెండోదానితో మొదలుపెడతాను, మొదటిది కూడా ఎప్పుడో ఒక రోజు చెప్పాల్సిందే. ఆయన మంగళవారం ప్రయాణాన్ని జనవరి, ఫిబ్రవరి నెలల్లో వాతావరణం చూసి మార్చుకోగలరా అన్నది కూడా అడగండి, కొన్ని ఆఫీసులు ఒప్పుకుంటాయి, హీటింగ్ సమస్యలో కొంత భాగం అలా కూడా తీరుతుంది.

సర్వీసు మనిషి వచ్చినప్పుడు పక్కన మీరు నిలబడండి. ఆయిల్ ట్యాంకు గేజ్ ఎలా చదవాలి, ఎర్ర ఎమర్జెన్సీ స్విచ్ ఎక్కడుంది, బర్నర్ ఆగిపోతే రీసెట్ ఎన్నిసార్లు నొక్కొచ్చు (ఒక్కసారే నొక్కండి, మళ్లీ ఆగితే ఫోన్ చేయండి, పదేపదే నొక్కితే లోపల ఆయిల్ చేరుతుంది), నీళ్ల వాల్వ్ ఎటు తిప్పాలి, ఇవన్నీ ఫోన్‌లో వీడియో తీసుకోండి. జనరేటర్ కొంటే ఎలక్ట్రీషియన్ చేత ప్యానెల్‌కి ఇంటర్‌లాక్ లేదా ట్రాన్స్‌ఫర్ స్విచ్ (జనరేటర్ కరెంటు బయటి లైన్లోకి వెళ్లకుండా ఆపేది) పెట్టించాలి, ఇంట్లో ప్లగ్‌లోకి రెండువైపులా పిన్నులున్న వైరు గుచ్చే పద్ధతి ఎవరు చెప్పినా వద్దనండి, కరెంటు బయటి లైన్లోకి ఎక్కి లైన్‌మన్ ప్రాణం పోతుంది. బోరు మోటారుకి చాలాచోట్ల 240 వోల్టులు కావాలి, అది కూడా నడిచే జనరేటర్ తీసుకుంటే నీళ్లకీ ఇబ్బంది ఉండదు. మీరొక్కరే లాగి స్టార్ట్ చేయలేనిది కొనొద్దు, బటన్ నొక్కితే మొదలయ్యేవి ఉన్నాయి. దాన్ని ఇంటికి ఇరవై అడుగుల దూరంలో, పొగ ఇంటివైపు రాకుండా పెట్టాలి, గ్యారేజ్‌లో తలుపు తీసి పెట్టినా సరే అక్కడ నడపకూడదు.

ఇదంతా అయ్యాక సెప్టెంబర్‌లో ఒక శనివారం సాయంత్రం చూసుకుని మెయిన్ బ్రేకర్ ఆపేయండి. మీ ఆయన్ని వరండాలో కుర్చీ వేసి కూర్చోబెట్టండి, అడిగినా ఏమీ చెప్పకూడదు, చేయి వేయకూడదని ముందే ఒప్పించండి. జనరేటర్ బయటికి లాగి, వైరు కలిపి, ఫర్నెస్ మండించి, కుళాయిలో నీళ్లు వచ్చేదాకా మొత్తం మీరే చేయండి. ఎక్కడ ఆగిపోయారో కాగితం మీద రాసుకుని, అది సరిచేసుకుని, వచ్చే శనివారం పాపను చంకనేసుకుని టార్చిలైటు వెలుతురులో ఇంకోసారి చేయండి.